కండరాల జబ్బులో మెదడు పాత్ర

మోటార్ న్యూరాన్ వ్యాధి అనగానే మనలో చాలామందికి చక్రాల కుర్చీలో కూర్చున్న స్టీఫెన్ హాకింగ్ గుర్తుకు వస్తారు. 1963లో, 21 ఏళ్ళ వయసులో ఆయనకు ఈ జబ్బు బయటపడింది. 2018లో కన్నుమూసే దాకా విశ్వరహస్యాల గురించే ఆలోచించారు. దానితో ఈ జబ్బు ఒంటిని కట్టి పడేస్తుందే గాని బుద్ధి జోలికి పోదని లోకం అనుకుంది. అది అందరి విషయంలోనూ నిజం కాదు. ఎక్కువగా 50 దాటినవారికే వచ్చే జబ్బు కనుక, ఈ సంగతి మనవంటి వారి ఇళ్ళల్లో తెలిసి ఉండాలి.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే నాడీకణాలు క్రమంగా నశించడమే ఈ వ్యాధి. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు షార్కో 1869 నుంచి దీన్ని పరిశీలించి, 1874లో పేరు పెట్టారు. వంశంలో నడుస్తుందా అన్న ప్రశ్న అప్పటిదే. 1880లో విలియం ఆస్లర్, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒకే కుటుంబంలో రెండు తరాల్లో 13 మంది దీని బారిన పడ్డారని రాశారు. అయితే అలా కుటుంబాల్లో నడిచేది నూటికి సుమారు పది మందికే.

మొదటి జన్యువు చిక్కడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది. 21వ క్రోమోజోములోని ఆ జన్యువు పేరు ఎస్.ఓ.డి.1. విచిత్రమేమిటంటే, దాని వల్ల జబ్బు పడినవారిలో చాలామందికి ఆలోచన చెక్కుచెదరదు. పాత నమ్మకం మరింత గట్టిపడడానికి ఇంతకంటె ఏం కావాలి!

జపాన్ వైద్యులు మాత్రం ఈ జబ్బుతో పాటు బుద్ధి మార్పు కూడా వచ్చిన రోగుల గురించి 1960ల నుంచే రాస్తున్నారు. వారి మాట నాడు పెద్దగా చెవికెక్కలేదు. 2006లో, కండరాల జబ్బుతో పోయినవారి నాడీకణాల్లోను, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బుతో పోయిన చాలామందిలోను ఒకే ప్రొటీను పేరుకుని ఉందని తేలింది. ఎస్.ఓ.డి.1 రోగుల్లో ఆ పేరుకోవడం లేదు. 2011లో రెండు పరిశోధక బృందాలు 9వ క్రోమోజోములో సి9ఓఆర్ఎఫ్72 అనే జన్యువులో లోపం పట్టుకున్నాయి. అక్కడ ఆరు అక్షరాల ముక్క ఒకటి మామూలుగా కొద్దిసార్లే ఉంటుంది. రోగుల్లో అది వందల, వేలసార్లు తిరిగి తిరిగి వస్తోంది. ఈ లోపమున్న ఇంట్లో అన్నకు చేతులు చచ్చుబడవచ్చు, తమ్ముడికి ప్రవర్తన మారవచ్చు, ఒక్కరికే రెండూ రావచ్చు.

ఆ మార్పు ఎలా ఉంటుందంటే, జ్ఞాపకం చాలావరకు బాగానే ఉంటుంది. నిన్న ఎవరు వచ్చారో చెబుతారు. కాని మనవడు కిందపడి ఏడుస్తున్నా చలించరు. తీపి మీద ఎక్కడలేని యావ పుడుతుంది. లెక్కాపత్రం చూసుకునే మనిషి ఏదీ మొదలుపెట్టరు. మాటకు పదం దొరకదు. ఊపిరికి సాయంగా పెట్టే యంత్రం వద్దని పేచీ పెడతారు. చాదస్తమని, మొండితనమని ఇంట్లోవారు విసుక్కుంటారు. సేవ చేసే ఇల్లాలిని కుంగదీసేది చచ్చుబడిన చేతుల కంటె ఇదేనని నా అభిప్రాయం. రోగుల్లో దాదాపు సగం మందిలో ఎంతో కొంత మార్పు, నూటికి సుమారు 15 మందిలో పూర్తి డిమెన్షియా కనిపిస్తాయి.

లోపమున్న జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. సంక్రమించిన ప్రతివారికీ జబ్బు రాదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరీక్ష చేయించే ముందు నిపుణులతో కూర్చుని మాట్లాడాలి. ఎస్.ఓ.డి.1 లోపానికి వెన్నులోకి ఎక్కించే టోఫెర్సెన్ మందును అమెరికా 2023లో అనుమతించింది. సి9 లోపానికి అదే తరహాలో తయారైన ఒక మందు ప్రయోగం మేలు కనిపించక 2022లో ఆగిపోయింది. ఈ సి9 లోపం యూరప్ వారితో పోలిస్తే ఆసియా వారిలో తక్కువ. అయినా, పరీక్షలో ఏ లోపమూ దొరకని రోగుల్లో కూడా ఈ ప్రవర్తన మార్పులు వస్తాయి కనుక, నరాల వైద్యుడికి చేతి పట్టు గురించే కాక మనిషి తీరు గురించి కూడా చెప్పాలి.