నౌకరీకి వచ్చినవాళ్ళు, నౌకరీకి పోయినవాళ్ళు

హైదరాబాదు శివారు జల్‌పల్లి పక్కనే బార్కస్‌. బ్యారక్స్‌ అన్న మాట జనం నోళ్ళలో నలిగి బార్కస్‌ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్‌ నుంచి నిజాం సైన్యంలో నౌకరీకి వచ్చిన అరబ్బుల విడిది అది. హద్రమౌత్‌ వదిలిన మరికొందరు జావా, సింగపూర్‌లలోనూ స్థిరపడ్డారు.

ఆ నౌకరీ విలువ ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఉమర్‌ బిన్‌ అవద్‌ అల్‌ ఖుఐతీ హైదరాబాదులో నిజాం సైన్యపు జమాదారు. ఇక్కడి సంపాదనతో సొంతగడ్డ మీద బలగాన్ని పోషించాడు. ఆయన వంశం 1858లో షిబాం పట్టణాన్ని, 1881లో ముకల్లా రేవును చేజిక్కించుకుంది. దక్కన్‌ జీతం మీద లేచిన ఆ సుల్తానుల రాజ్యం 1967 దాకా నిలిచింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత కొలువులు పోయాయి. చాలామంది అరబ్బులను వెనక్కి పంపేశారు. ఉండిపోయినవాళ్ళ పిల్లలు 1970ల చమురు గిరాకీతో గల్ఫ్‌ బాట పట్టారు.

అదే కాలంలో కరీంనగర్‌, నిజామాబాద్‌ పల్లెలూ కదిలాయి. ఏ దేశం పోయినా అక్కడివాళ్ళకు అది ‘దుబాయి’యే. బేగంపేట నుంచి, 2008 మార్చి తర్వాత శంషాబాద్‌ నుంచి విమానం ఎక్కారు.

జమాదారుకు దక్కిన అదృష్టం వీళ్ళకు దక్కలేదు. అప్పు చేసి ఏజెంటుకు కట్టాలి. వీసా కఫీల్‌, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, పేరు మీద ఉంటుంది; పాస్‌పోర్టు చాలాసార్లు అతని బీరువాలోకి పోతుంది. జీతం అందక చెప్పాపెట్టకుండా పని వదిలి బయటపడితే ‘ఖల్లివల్లి’, అంటే అనుమతి లేని మనిషి, అయినట్టే. ఇక దొంగచాటు బతుకు, పట్టుబడితే జైలు. ఒళ్ళు హూనం చేసుకునే మనిషిని ఒక కాగితానికి కట్టిపడేయడం అన్యాయం.

పదో తరగతి పాసవని వాళ్ళకు ఇచ్చే ఈసీఆర్‌ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో గల్ఫ్‌ దేశాలతోపాటు ఇండోనేషియా ఉంది, బార్కస్‌ తాతల యెమెన్‌ కూడా ఉంది. ఈ అనుమతితో పోయేవాళ్ళకు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. విజిట్‌ వీసా మీద దొడ్డిదారిన పోయినవాళ్ళకు ప్రవాసీ బీమా ఉండదు.

మీ ఇంటి నుంచి ఎవరైనా బయల్దేరుతుంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్ళు ఇంట్లో దాచండి.