చెవి శిలీంధ్ర వ్యాధి: కెనడాలో చికిత్స, నివారణల చరిత్ర

చెవి కాలువలో ఫంగస్ పెరగడాన్ని వైద్యులు ఓటోమైకోసిస్ అంటారు. విడవని దురద, దిబ్బడ, కారడం దీని లక్షణాలు. నల్ల చుక్కల బూజు కనిపిస్తే సాధారణంగా ఆస్పర్జిల్లస్ నైగర్, తెల్లగా ముద్దకడితే కాండిడా. దీన్ని ఉష్ణదేశాల జబ్బనడం పరిపాటి. ఉక్కపోత దేశాల్లో ఎక్కువన్నది నిజమే కానీ, 1867లో వైద్యుడు రాబర్ట్ వ్రేడెన్ దీన్ని వివరంగా వర్ణించింది చలికి పేరుపడ్డ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. కెనడాలోనూ బయట మంచు గడ్డకట్టినా చెవి లోపల వెచ్చగానే ఉంటుంది. వినికిడి యంత్రాలు, ఈత కొలనులు తేమను నిలుపుతాయి. యాంటీబయాటిక్ చుక్కలు వారాల తరబడి వేస్తే అక్కడ సహజంగా ఉండే బాక్టీరియా నశించి ఫంగస్‌కు చోటు దొరుకుతుంది. కాబట్టి వాతావరణం కంటే చెవికి మనం చేసే పనులనే ముందు అనుమానించాలి.

మందుల చరిత్ర చూసినా, చుక్కల కంటే చెవిని శుభ్రపరచడమే ముఖ్యమని తెలుస్తుంది. ఒకప్పుడు చెవి ఫంగస్‌కు జెన్షియన్ వయొలెట్ పూసేవారు. క్యాన్సర్ ముప్పు ఉండవచ్చంటూ హెల్త్ కెనడా 2019 జూన్‌లో దాని వాడకం మానేయమని ప్రజలను హెచ్చరించింది. 1950లో శాస్త్రవేత్తలు ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన నిస్టాటిన్, ఆ తర్వాతి క్లోట్రిమజోల్, కెనడాలో వైద్యులు రాసే ఫ్లుమెథసోన్–క్లియోక్వినాల్ చుక్కలు దాని స్థానంలోకి వచ్చాయి. మందులు మారాయి గానీ, సూక్ష్మదర్శిని కింద చూస్తూ బూజునూ పొట్టునూ పీల్చి తీసే పని మారలేదు. ఆ పొర తీయకుండా వేసిన చుక్క చర్మాన్ని చేరదు.

ఏ ఫంగస్ అన్న ప్రశ్న 2009 తర్వాత బరువెక్కింది. ఆ ఏడాది జపాన్ పరిశోధకులు ఒక రోగి చెవి స్రావం నుంచి కాండిడా ఆరిస్‌ను కొత్త జాతిగా గుర్తించారు. పలు మందులకు లొంగని ఈ ఫంగస్ కెనడాలో తొలిసారి కనబడిన ఉదంతం 2017లో ఆ దేశపు అంటువ్యాధుల పత్రికలో వెలువడింది. ఆ రోగి అంతకుముందు భారతదేశంలో ఆసుపత్రిలో చికిత్స పొందినవారు; వారిని వేధించింది చెవి జబ్బే. పాత జీవరసాయన పరీక్షలు ఈ జాతిని కాండిడా హేములోనియైగా పొరబడేవి.

ఏ ఫంగసో తేల్చడానికి ప్రతి దురద చెవికీ ల్యాబు పరీక్ష ఎందుకని అడగవచ్చు. చెవిలో నేరుగా వేసే మందు గాఢత ఎక్కువ గనుక ల్యాబులో లొంగనిదీ చెవిలో లొంగవచ్చు. మామూలు కేసులకు శుభ్రపరచడం, చుక్కలు చాలు. అయితే కాండిడా ఆరిస్ విషయంలో ప్రశ్న ఒక్క చెవితో తీరదు. అది చర్మం మీదా పడకల మీదా నిలిచి ఆసుపత్రుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, రక్తంలోకి దిగితే ప్రాణాంతకం కాగలదు. అందుకే చికిత్సకు తగ్గని చెవికీ, ఈమధ్య విదేశీ ఆసుపత్రిలో ఉన్నవారి చెవికీ స్వాబ్ పరీక్ష తప్పనిసరి అనడం సబబు. ఇండియా వెళ్లివచ్చే తెలుగువారు అక్కడి ఆసుపత్రి బస గురించి కెనడాలోని తమ వైద్యుడికి ముందే చెప్పాలి.

నివారణలో గుబిలిని పుల్లలతో, కాటన్ బడ్స్‌తో తవ్వకపోవడం మొదటిది. ఆ మైనపు పొర ఆమ్లగుణంతో ఫంగస్‌ను అడ్డుకుంటుంది. స్నానం, ఈత తర్వాత చెవి ఆరనివ్వాలి, రాత్రి వినికిడి యంత్రం తీసి పొడిగా ఉంచాలి. కర్ణభేరికి రంధ్రం ఉందేమోనన్న అనుమానం ఉంటే వెనిగర్, ఆల్కహాల్ చుక్కల జోలికి వెళ్లకూడదు.