గిట్టుబాటు ఎవరికి?

కరెంటు ఆదా చేసే సామాను గిట్టుబాటవుతుందా అని అడిగితే, చాలామంది దాని ధరనూ తగ్గే బిల్లునూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అది సగం లెక్కే. పెట్టుబడి ఎవరు పెట్టారో, మిగిలింది ఎవరి ఖాతాలో పడిందో కూడా చూస్తేగాని లెక్క తేలదు. ఆంధ్రప్రదేశ్ ఇళ్లలో 60 క్యాండిల్ (అంటే 60 వాట్ల) బల్బు స్థానంలోకి ఎల్‌ఈడీ ఎలా వచ్చిందో గమనిస్తే ఈ రెండో సగం స్పష్టంగా కనిపిస్తుంది.

పాత బల్బు కిరాణా కొట్లో పది పదిహేను రూపాయలకు దొరికేది. తీగ ఎర్రగా కాలి వెలుగివ్వడం దాని పద్ధతి కాబట్టి, మింగిన కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోయేది. సుమారు వెయ్యి గంటలకు ఆ తీగ తెగేది. దాని బదులు 7 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే ఏడాదికి దాదాపు 97 యూనిట్లు మిగులుతాయి. అయితే 2014లో నెలకు మొదటి 50 యూనిట్ల శ్లాబులో యూనిట్ ధర 1 రూపాయి 45 పైసలే. అంటే పేదింటికి ఏడాదిలో మిగిలేది 140 రూపాయలు. అదే ఏడాది ఆరంభంలో ప్రభుత్వ సంస్థ టోకున కొన్నా ఒక్కో ఎల్‌ఈడీ 310 రూపాయలు పడింది. రెండేళ్లు దాటితేగాని తిరిగిరాని ఆ సొమ్మును కూలి డబ్బుల్లోంచి తీసి పెట్టలేదని ఆ ఇంటిని తెలివితక్కువదనలేం. కరెంటు పంపిణీ చేసే డిస్కం వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. సరఫరాకు యూనిట్‌కు 5 రూపాయలు అవుతుందనుకున్నా, ఆ శ్లాబులో అమ్మిన ప్రతి యూనిట్‌కూ మూడున్నర రూపాయల నష్టం. 97 యూనిట్లు అమ్మకుండా మిగిలితే, బల్బు ధర ఏడాది తిరిగేసరికే వచ్చేస్తుంది.

ఈ పెట్టుబడిని ఇంటివాళ్ల మీద పెట్టకూడదన్న ఆలోచన అంతకు ముందే ఉంది. 2009 ప్రాంతంలో విశాఖపట్నంలో పాత బల్బు తీసుకుని 15 రూపాయలకు సీఎఫ్ఎల్ ఇచ్చారు. మిగతా ధరను, తగ్గించిన కాలుష్యానికి లెక్కగట్టి ఇచ్చే కార్బన్ క్రెడిట్లు అమ్మి రాబట్టుకోవాలన్నది ఏర్పాటు. అదే పద్ధతిలో కేంద్రం తెచ్చిన బచత్ ల్యాంప్ యోజన, ఆ క్రెడిట్ల ధర ప్రపంచ మార్కెట్లో కుప్పకూలడంతో నీరుగారిపోయింది. 2014 చివర్లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో మొదలైన ఎల్‌ఈడీ పథకం ఎక్కడో ఉన్న మార్కెట్‌ను నమ్ముకోలేదు. ఇంటికి రెండు బల్బులు, ఒక్కోటి పది రూపాయలు. మిగతా ఖర్చు టోకున బల్బులు కొన్న ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టింది, ఆ బాకీని తనకు తప్పిన నష్టంలోంచి డిస్కం ఏటా తీర్చింది. 2015 జనవరిలో పథకం దేశమంతటికీ విస్తరించి, తర్వాత ఉజాలా అయింది. 2016 నాటికి టోకు ధర 38 రూపాయలకు దిగింది. మొత్తం 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి.

ఎల్‌ఈడీ ధర ప్రపంచమంతా పడిపోతూనే ఉంది, ఇందులో పథకం గొప్పేముందని అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. కానీ కోట్ల బల్బులకు ఒకేసారి టెండరు పిలిస్తే కంపెనీలు పోటీపడి ధర దించక తప్పదు. ఆ తగ్గుదల పేదింటికి సంవత్సరాల ముందే అందింది. చౌకగా వెలుగుతుందని జనం బల్బులు ఆర్పరన్నది రెండో అభ్యంతరం. పాత బల్బు ఐదు గంటల్లో తాగిన కరెంటును 7 వాట్ల బల్బు తాగాలంటే దాదాపు 43 గంటలు వెలగాలి. రోజుకు ఉన్నవి 24 గంటలే. వసారాలో ఒకటి, పెరట్లో ఒకటి అదనంగా పెట్టుకున్నా మిగులు మిగులే.

ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. 2016లో 50 వాట్ల ఫ్యాన్‌ను నెలకు 60 రూపాయల వాయిదాతో, బిల్లులో కలిపి అమ్మారు. పాత ఫ్యాన్‌తో పోలిస్తే పాతిక వాట్లు తక్కువ, రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 9 యూనిట్ల ఆదా. అప్పట్లో అట్టడుగు శ్లాబులో దాని విలువ 13 రూపాయలు. వాయిదాలు తీరాక మిగిలేదంతా లాభమే, నిజమే. కానీ 13 రూపాయల కోసం నెలనెలా 60 కట్టమంటే ఎవరు కడతారు? బల్బులు కోట్లలో పోతే ఫ్యాన్లు దేశమంతటా కలిపి పాతిక లక్షలకు చేరలేదు. 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యంగా 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానానికీ ఇదే పరీక్ష. అద్దె ఇళ్లలో డాబాకు తెల్లపూత వేయించాల్సింది ఇంటి యజమాని, చల్లదనం దక్కేది అద్దెకున్నవాళ్లకు.

అందుకే గిట్టుబాటు ప్రశ్నకు అన్ని ఇళ్లకూ ఒకే జవాబు కుదరదు. పై శ్లాబుల్లో యూనిట్‌కు ఆరేడు రూపాయలు కట్టే ఇల్లు మంచి ఫ్యాన్‌ను సొంత డబ్బుతో కొనుక్కున్నా నష్టపోదు. 50 యూనిట్లు దాటని ఇంట్లో ఆదా అయ్యే యూనిట్ వల్ల ఎక్కువ బాగుపడేది డిస్కమే. పొదుపు చెయ్యమని ఆ ఇంటికి హితవు చెప్పేముందు, ఫ్యాన్ పెట్టుబడి భారాన్ని డిస్కం మోయాలి. బల్బు విషయంలో అది మోసింది, నష్టపోలేదు.