రంజీ వికెట్లు – టెస్టు యోగ్యత

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మైదానాలలో బంతి వేసే బాలుడు భారత జట్టును చేరవలెనంటే సాధారణంగా హైదరాబాదు రంజీ జట్టు మీదుగా పోవలసినదే. 1934లో రంజీ పోటీలు ఆరంభమైన నాటినుండి ఎంపికదారులకు ఒకటే సందేహం: ఇక్కడ రాణించినవాడు టెస్టులలో నిలువగలడా?

వికెట్ల లెక్క కొంత చెప్పును గాని అంతయు చెప్పదు. హైదరాబాదు ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ టెస్టులతో కలిపి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 407 వికెట్లు తీసిరి; సగటు 22 పరుగులకు పైగా. 1948లో టెస్టులలో ప్రవేశించి, 22 ఆటలలో 68 వికెట్లు తీసిరి. అక్కడ సగటు 30 దాటినది. అంతటి సమర్థునికే వికెట్టు అంత ప్రియమైనది.

కన్వల్‌జీత్ సింగ్ 369 వికెట్లు తీసి కూడా ఒక్క టెస్టయినా ఆడలేదు. ఆయనా ఆఫ్‌స్పిన్నరే. ఆ విద్యలోనే ఆరితేరిన శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్‌లు కూడా హైదరాబాదువారే. శివలాల్‌కు 35 టెస్టులు, అర్షద్‌కు 13 దక్కినవి. ఒకే విద్యకు ముగ్గురు పోటీపడినపుడు ఒకరికి చోటు కరువగుట వింత కాదు.

మహమ్మద్ సిరాజ్ 2016–17 రంజీలో 41 వికెట్లు తీసినాడు. అయినను టెస్టు ప్రవేశం 2020 డిసెంబరులో, షమీ గాయపడిన పిమ్మట, మెల్బోర్న్‌లో లభించినది. మరుసటి నెలలోనే బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసి తన యోగ్యతను నిరూపించినాడు.

కనుక మన పల్లె బౌలర్‌ను తూచువారు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: ఏ పిచ్‌పై, ఎట్టి బ్యాటర్లను ఔట్ చేసినాడు, పై జట్టులో అతని విద్యకు చోటున్నదా? చోటు దొరకనివానిని అయోగ్యుడనుట న్యాయం కాదు.