కీసరగుట్ట ఇటుకలు: పునరుద్ధరణ ఎంతవరకు?

శామీర్‌పేటకు ఆగ్నేయంగా ఉన్న కీసరగుట్ట అనగానే భక్తులకు రామలింగేశ్వరుడు, శివరాత్రి జాతర గుర్తుకు వస్తే, భాషాచరిత్రకారులకు బండపై చెక్కిన ‘తొలచువాండ్రు’ అనే శాసనం గుర్తుకు వస్తుంది. లిపినిబట్టి క్రీ.శ. 5వ శతాబ్దం నాటిదిగా భావిస్తున్న ఈ ఒక్క తెలుగు పదం రాతిని తొలిచినవారి ఉనికిని నిలిపింది. అదే గుట్టపై విష్ణుకుండినుల కాలంలో మట్టి పిసికి, అచ్చువేసి, ఆవంలో కాల్చినవారికి ఆ భాగ్యం దక్కలేదు. రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలలో బయల్పడిన కట్టడాల ఇటుకలే వారి పనికి ఆధారం.

కనుక ఆ గోడల పునరుద్ధరణను ఇంజనీరింగు వ్యవహారంగా మాత్రమే చూడరాదు. నేటి ఇటుక పొడవు సుమారు 9 అంగుళాలు. ప్రాచీనమైనది సాధారణంగా దానికంటె చాలా పెద్దది. కొలత, మట్టిలోని ఊక గుర్తులు, కాలిన రంగు కాలనిర్ణయానికి తోడ్పడతాయి. శిథిలమైన వరుసలను కొత్త ఇటుకలతో పూడ్చి పైన సిమెంటు పూస్తే గోడ నిలిచినట్లే కనిపిస్తుంది గాని ఈ ఆధారం మరుగున పడుతుంది. పైగా గోడ కూడ ఎక్కువ కాలం నిలవదు. కాల్చిన మట్టికి సూక్ష్మరంధ్రాలుంటాయి. సున్నపు అతుకు ఉన్నచోట తేమ ఆ అతుకు ద్వారానే వెలికి పోతుంది. సిమెంటు దానిని అడ్డగించడంతో తేమ ఇటుకలోనుండే బయటపడవలసి వస్తుంది. అప్పుడు లవణాలు ఇటుక ముఖం వద్ద స్ఫటికీకరించి పొరలుగా రాల్చివేస్తాయి. మనవారు డంగుసున్నాన్ని రోజుల తరబడి నూరి వాడిన పద్ధతిని పాతకాలపు చాదస్తంగా కొట్టివేయడం తొందరపాటు.

ఇటుకకు ఇటుక ప్రత్యామ్నాయం కాదనడానికి 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయం మరింత స్పష్టమైన ఉదాహరణ. అక్కడి విమానాన్ని నీటిపై తేలేటంత తేలికైన ఇటుకతో కట్టారు. ఆ స్థానంలో మామూలు ఇటుక పెడితే కింది నిర్మాణంపై భారం పెరుగుతుంది. అక్కడ మట్టి మిశ్రమమే వాస్తురచనలో భాగం.

1964 నాటి వెనిస్ ప్రకటన చేర్చిన భాగం మొత్తంతో పొందిక కలిగి ఉంటూనే మూలం నుండి వేరుగా గుర్తించదగినదై ఉండాలనీ, ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగాలనీ నిర్దేశించింది. గర్భగృహాలపై శిఖరాలు ఎట్లుండేవో కీసరగుట్ట అవశేషాలు చెప్పవు. కాబట్టి ఆ గోడలను పైకి లేపడం కంటె, పైవరుసకు సున్నపు కప్పు వేసి, వాననీటిని దారి మళ్ళించి, ప్రతి ఇటుక కొలతనూ నమోదు చేయడమే యుక్తమని నా అభిప్రాయం. సందర్శకునికి మోకాలెత్తు గోడలే కనిపిస్తాయి. కాని అవి కాల్చినవారి చేతిపనిగానే మిగులుతాయి.