దూరదేశ యుద్ధము - ఇంటికి వచ్చిన ఖర్చు

బాగ్‌బేరా ప్రక్కనున్న టాటానగరు స్టేషనుకు పూర్వనామము కాలిమాటి. దానికి సమీపమున సాక్చి యను గ్రామములో నెలకొన్న కర్మాగారమున 1912 ఫిబ్రవరిలో మొదటిసారిగా ఉక్కు తయారయ్యెను. మూడేండ్లయినను నిండకమునుపే ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగెను.

1914 నవంబరులో భారతసేన పారశీక సింధుశాఖ మీదుగా పోయి బస్రా నగరమును పట్టుకొనెను. అబాదానులోని చమురు కర్మాగారమును, ఆ ప్రాంతమున బ్రిటిషువారి పలుకుబడిని కాపాడుటయే మొదటి యుద్దేశము. అది కొలది వారములలోనే నెరవేరెను. అయినను అధికారులు అంతటితో తృప్తి చెందక బాగ్దాదుపై కన్ను వేసిరి. పడవలు, వైద్యసదుపాయములు చాలకున్నను సేన టైగ్రిసు నది వెంబడి ముందుకు నడిచెను. తుదకు కూట్ పట్టణమున దాదాపు ఐదు నెలలు ముట్టడిలో చిక్కుకొని, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయెను. సుమారు 13 వేలమంది బందీలైరి. బాగ్దాదు వశమగుటకు 1917 మార్చి వరకు పట్టెను.

ఈ రంగమునకును, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలకును సాక్చిలో చేసిన రైలు పట్టాలు తరలిపోయెను. అందులకు కృతజ్ఞతగా 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు స్వయముగా విచ్చేసి సాక్చికి జంషెడ్‌పూరు అని పేరిడెను.

ఊరికి కీర్తి దక్కినది గాని భారము దేశమంతయు మోయవలసివచ్చెను. 1917లో భారతదేశము పేర 10 కోట్ల పౌనులు బ్రిటనుకు యుద్ధసహాయముగా ఈయబడెను. ఆ మొత్తము అప్పులుగను పన్నులుగను ప్రజలపై పడెను. 1918లో ధరలు మండిపోగా, మదరాసు రాజధానిలో పలుచోట్ల ధాన్యపు అంగళ్ళు దోపిడికి గురియయ్యెను. ధరలతోపాటు జీతములు పెరుగకపోవుటచే 1920లో జంషెడ్‌పూరు కార్మికులు సమ్మె చేసిరి. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి.

ఇంత వ్యయమునకు భద్రతయైన లభించినదా? 1915 నాటి భారతరక్షణ చట్టము యుద్ధకాలమునకే యని చెప్పబడెను. యుద్ధము ముగిసినను అట్టి యధికారములను విడువనొల్లక 1919 మార్చిలో రౌలట్ చట్టమును తెచ్చిరి. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగు నెత్తుట తడిసెను. మరుసటి యేట ఇరాకు ప్రజలు తిరుగబడగా, అణచుటకు మరల భారతసేనలనే పంపిరి.

కొలది వారములలో తీరిన పనికి ఆరేండ్ల వ్యయమైనది. పంపిన పట్టాలకు కర్మాగారపు పద్దులలో లెక్క యుండును. తిరిగివచ్చిన ఋణమునకు, ఆకలికి, కఠినశాసనములకు లెక్క చెప్పవలసిన వారు మాత్రము, ఎచట ఆగవలెనో ముందుగా నిర్ణయించుకొనక దండు నడపిన పాలకులే.