సత్యభామ జడ, మనం తగిలించే పేర్లు

విదేశాల్లో మన తెలుగువారి ఉగాది కార్యక్రమాల్లో కూచిపూడి అంశం లేకపోవడం అరుదు. వేదిక మీద కనిపించేది దాదాపు అందరూ ఆడపిల్లలే. అందుచేత యిది మొదటినుంచీ ఆడవారి కళే అని మన పిల్లలు అనుకొంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరు.

కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో తరతరాలుగా నాట్యం చేసినవారు బ్రాహ్మణ కుటుంబాల పురుషులు. సిద్ధేంద్ర యోగి రచించాడని చెప్పుకొనే భామాకలాపంలో సత్యభామ వేషం కట్టడం ఆ కుటుంబాల మగపిల్లలకు గొప్ప గౌరవం. భామ తెర మీదుగా తన పొడుగాటి జడను వేయడమంటే తనను మించినవారు ఎవరైనా వున్నారా అని సవాలు చేయడమే. ఆ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారికి (1935-2012) 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో స్త్రీ పాత్రలకు ప్రసిద్ధులైన స్థానం నరసింహారావుగారికి 1956లోనే వచ్చింది.

కలాపంలో యింకొక చమత్కారం వున్నది. సూత్రధారి భామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుని దగ్గరకు వెళ్ళేసరికి చెలికాడు మాధవుడు. మనిషి ఒకడే. ఎవరి ఎదుట నిలిచాడన్నదాన్నిబట్టి పేరు మారుతుంది. మన పల్లెల ప్రేక్షకులకు యిది ఏనాడూ వింతగా తోచలేదు.

అయితే అదే సత్యభామను గోదావరి జిల్లాల్లో కళావంతుల స్త్రీలు కూడా అభినయించారు. వారికి బిరుదులకంటే ముందు నింద దక్కింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ చట్టం ఆలయాల్లో వారి నాట్యాన్ని కూడా నిషేధించింది. చీర కట్టిన పురుషుడు కళాకారుడు, చీర కట్టిన ఆ స్త్రీ మాత్రం చెడ్డది! పాత్ర ఒకటే అయినా పేరు పెట్టింది కులమూ, లోకమూను. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. శోభానాయుడు వంటివారు సత్యభామగా పేరు పొందారు. ఆడపిల్లలకు తలుపు తెరుచుకోవడం మంచిదే. కాని ఆ తరువాత పురుషుల స్త్రీవేషం వెనుకబడింది.

వేషం కట్టినవాడు తెర దిగితే మగవాడే. తెర దిగిన తరువాత కూడా తాను స్త్రీననే మనిషి సంగతి వేరు, ఈ రెంటినీ కలపరాదు. మదురైలో పుట్టిన ట్రాన్స్‌జెండర్ భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ 2019లో పద్మశ్రీ అందుకొన్నారు. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షను మీద యిచ్చిన తీర్పులో మొదటి పేరు నవతేజ్ జోహర్‌ది. ఆయనా భరతనాట్య కళాకారుడే.

వైద్యవృత్తిలో వున్న మేము కూడా పేర్లు తగిలించినవాళ్ళమే. పుట్టినప్పుడు రాసిన లింగానికీ, మనిషి తనలో ఎరిగినదానికీ పొంతన లేకపోవడాన్ని మా పుస్తకాలు చాలాకాలం మానసిక వ్యాధుల్లో చేర్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుంచి అమలు చేసిన పట్టికలో దాన్ని అక్కడినుంచి తీసివేసింది.

కనుక మన యిళ్ళలో ఏ మగపిల్లవాడైనా భామ వేషం నేర్చుకొంటానంటే నవ్వవద్దు, కంగారుపడి డాక్టరు దగ్గరకు తీసుకుపోనూవద్దు. గజ్జె కట్టించండి. అతడు అడిగింది మన ఊరి పాత సంప్రదాయమే. రేపు ఆ బిడ్డ తన గురించి మరేదైనా చెప్పదలిస్తే, అది కూడా ముందు మన దగ్గరే చెప్పగలిగేటట్లు వుందాం.